సోమవారం సైకిలు

కార్తీక సోమవారం ఉపవాసానికి మన ఇళ్లలో ఒక వెసులుబాటు ఉంది. పగలంతా అన్నం ముట్టకూడదు, అంతే. పాలు తాగొచ్చు, అరటిపళ్లు తినొచ్చు, మరీ నీరసంగా ఉంటే ఉప్మాకు కూడా శాస్త్రం అడ్డు చెప్పదు. నక్షత్రం కనబడ్డాక పులిహోర, గారెలు, పరమాన్నం ఎలాగూ ఉంటాయి. లెక్క తీస్తే ఆదివారం తిన్నదానికన్నా సోమవారం తిన్నదే ఎక్కువ తేలినా పుణ్యానికి మాత్రం లోటు రాదు. మన నగరాలు పర్యావరణం విషయంలో ఈ వ్రతమే పట్టాయి. 2022 చివరి నెలల్లో విశాఖ నగరపాలక సంస్థ సోమవారాన్ని వాహనాల్లేని రోజుగా ప్రకటించింది. ఆ రోజు అధికారులు, సిబ్బంది సొంత బండ్లు ఇంటి దగ్గర వదిలేసి నడిచో, సైకిలెక్కో, బస్సు పట్టుకునో ఆఫీసుకు రావాలన్నారు. వచ్చారు. ఫొటోలు కూడా వచ్చాయి. సోమవారమే అర్జీల రోజు కూడా. కుళాయి నీళ్లు రావడం లేదనీ పింఛను ఆగిపోయిందనీ కాగితాలు పట్టుకుని అదే ఆఫీసుకు జనం వస్తారు. వాళ్లూ నడిచో, బస్సెక్కో, షేర్ ఆటోలో ఇరుక్కునో వచ్చినవాళ్లే. వాళ్లను ఎవరూ ఫొటో తీయలేదు. వ్రతం పట్టినవాడికే ఫొటో, రోజూ పస్తున్నవాడికి ఎందుకు?

సైకిలెక్కిన అధికారి చిత్తశుద్ధి మీద నాకు పేచీ లేదు. వారానికొకసారి బస్సెక్కితే బస్సు సంగతైనా తెలుస్తుంది. పేచీ అల్లా నగరం ఇలా పచ్చబడుతుందన్న మాటతోనే. ఆ మాట నిజమైతే విశాఖలో అన్నిటికన్నా పచ్చగా ఉండాల్సిన చోటు పూర్ణా మార్కెట్. తెల్లారకముందే అక్కడికి లారీల్లో సరుకు దిగుతుంది. కళాసీలు బస్తాలు దించుతారు. అక్కడి నుంచి సందుల్లో ఉన్న కొట్లకు, కొట్ల నుంచి పేటల్లోని చిన్న దుకాణాలకు సరుకు చేరవేసేది రిక్షా బండి. ముందు ఒక చక్రం, వెనక రెండు, వాటి మీద చెక్క పలకల తట్టు, ఒక చైను, రెండు పెడళ్లు, గుడ్డపేలిక చుట్టిన హ్యాండిలు. ఉల్లిపాయల బస్తా యాభై కిలోలనుకుంటే అయిదు బస్తాలకు పావు టన్ను. మిట్ట వస్తే తొక్కేవాడు దిగి, తట్టుకు భుజం ఆనించి నెడతాడు. కాలే ఇంధనమల్లా పొద్దున తిన్న ఇడ్లీ. ఆ బండికి సోమవారం, మంగళవారం తేడా లేదు. దాని గౌరవార్థం ఏ దినమూ లేదు. పైగా ట్రాఫిక్ గురించి సమావేశం జరిగిన ప్రతిసారీ 'అడ్డంకులు' అనే జాబితాలో తోపుడు బళ్లతో, తట్టలతో కలిపి దాని పేరు కూడా వస్తుంది.

పూర్ణా మార్కెట్ ఒక్కదాని సంగతే కాదిది. వ్యవసాయేతర పనులకు జనం ఎలా వెళ్తున్నారో 2011 జనగణన లెక్క తీసింది. దేశం మొత్తం మీద నూటికి సుమారు 23 మంది నడిచి వెళ్తున్నారు, 13 మంది సైకిలు మీద, 11 మంది బస్సులో. కార్లు, జీపులు, వ్యాన్లు అన్నీ కలిపినా ముగ్గురికి లోపే. అంటే ఏ రవాణా కోసం అంతర్జాతీయ సదస్సులు పెట్టి, సలహాదారులకు ఫీజులు కట్టి, నివేదికలు రాయిస్తున్నామో ఆ రవాణాలోనే ఆ పనులకు వెళ్లేవాళ్లలో దాదాపు సగం మంది ఏనాడో ఉన్నారు. ఆ ముగ్గురిలో ఒకరు వారానికి ఒకరోజు కారు దిగితే అది ఉద్యమం. మిగతావాళ్లు ఎక్కనే ఎక్కకపోతే అది వెనకబాటు. నడిచే మనిషి బండి కొనుక్కున్న రోజున అభివృద్ధి లెక్కలో ఒక అంకె పెరుగుతుంది. పదేళ్ల తర్వాత అదే మనిషిని, బండి మాని నడవవయ్యా, నగరాన్ని కాపాడవయ్యా అని బతిమాలడానికి ఒక పథకం పుడుతుంది.

ఈ చూపు సమావేశాల్లోనే ఉండిపోతే నవ్వి ఊరుకోవచ్చు. పన్నుల పట్టికలోకీ ఎక్కింది. 2018లో విద్యుత్ వాహనాలకు ఆకుపచ్చ నంబరు ప్లేటు ఇచ్చారు, దూరం నుంచే పుణ్యాత్ముణ్ని గుర్తుపట్టడానికి వీలుగా. 2019 ఆగస్టు నుంచి విద్యుత్ కారు మీద జీఎస్టీ 5 శాతానికి దించారు. అప్పుడు సైకిలు మీద ఎంతనుకున్నారు? 12 శాతం. పట్టికలో ఆ పద్దు కింద మోటారు లేని సైకిళ్లతో పాటు సరుకు మోసే మూడు చక్రాల బండిని కూడా చేర్చి మరీ రాశారు. పూర్ణా మార్కెట్ రిక్షా ఎక్కడ తప్పించుకుపోతుందో అని కాబోలు. లక్షలు పోసి కొన్న కారు పర్యావరణ హితం కాబట్టి 5, చెమటతో నడిచే బండి అలాంటి హితమేమీ చేయదు కాబట్టి 12. ఈ న్యాయం ఆరేళ్ల పాటు నడిచి, 2025 సెప్టెంబరు 22న రెండూ 5 దగ్గర కలిశాయి. తొక్కేవాడూ తోలేవాడూ సమానులయ్యారు. సంతోషం. ఆకుపచ్చ ప్లేటు మాత్రం ఇంకా తొక్కేవాడికి రాలేదు.

విద్యుత్ కారు పెట్రోలు కారుకన్నా మేలే, కాదనను. కానీ ఆ మేలు ఎంతో చూడాలి. విశాఖకు పక్కనే పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం ఉంది, 2000 మెగావాట్లు, అంతా బొగ్గే. కారుకు పొగగొట్టం తీసేశామని చెబుతాం గాని, నిజానికి దాన్ని ఊరి చివర ఇంకా ఎత్తుగా కట్టుకున్నాం. రేపు ఆ కరెంటంతా ఎండ నుంచే వచ్చినా డెబ్భై కిలోల మనిషిని కదిలించడానికి ఒకటిన్నర టన్నుల లోహం కదలాలి. ఉక్కు నగరంలో ఇనుముకు కరువేముంది అంటారా, రోడ్డుకు కరువుంది. డాబాగార్డెన్స్ దగ్గర ఇరుక్కుపోయిన కారు పెట్రోలుదైనా బ్యాటరీదైనా ఆక్రమించే జాగా అంతే. జగదాంబ కూడలిలో కార్లను అంతస్తులకు ఎత్తిపెట్టే యంత్రం నిలబెట్టారు, స్మార్ట్ సిటీ డబ్బుతో. కారుకు లిఫ్టు దొరికింది. అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న పూర్ణా మార్కెట్లో మాత్రం తట్ట నేల మీద దింపితే ఆశీలు కట్టాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. రావాల్సిందే కూడా. 'పేదరికాన్ని పర్యావరణమని పొగుడుతున్నారా? మనిషి బరువు లాగడం గొప్పా? ఆ రిక్షా తొక్కేవాణ్ని అడగండి, మోటారు కావాలంటాడు' అని. అవును, కావాలంటాడు. ఇవ్వాలి కూడా. విశాఖ ఉక్కపోతలో పావు టన్ను లాగడంలో కవిత్వం ఏమీ లేదు. కానీ ఈ ఆక్షేపణ చేసేవాళ్లు దాన్ని సగంలోనే ఆపేస్తారు. అతని కష్టం చూడలేకపోతున్నాం కాబట్టి అతని బండిని మార్కెట్లోంచి తీసేద్దాం అంటారు గాని, ఆ బండికి బ్యాటరీ పెట్టిద్దాం, నిలుపుకోవడానికి నీడా జాగా చూపిద్దాం, సరుకు దిగే వేళల్లో కార్లను ఆ సందుల్లోకి రానివ్వకుండా ఆపుదాం అనరు. ఢిల్లీలో ఏం జరిగిందో చూడండి. సైకిల్ రిక్షాలు 99 వేలకు మించకూడదని నగరపాలక సంస్థ పరిమితి పెట్టింది. కార్లకు మాత్రం అక్కడ ఏ పరిమితీ లేదు. 2010లో హైకోర్టు ఆ రిక్షా పరిమితిని కొట్టేసింది, 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. బరువు లాగే మనిషి మీద జాలితో మొదలయ్యే ప్రతి నియమమూ చివరికి అతని బండినే ఎందుకు జప్తు చేస్తుందో నాకు అర్థం కాదు. కారు యజమాని మీద జాలిపడి అతని కారును జప్తు చేసినవాళ్లు ఇంతవరకు కనపడలేదు.

సంచుల కథా ఇంతే. 2022 జూన్ 5 నుంచి విశాఖలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం. అదే ఏడాది ఆగస్టు 26న సాగరతీరమంతా జనం చేరి 76 టన్నుల ప్లాస్టిక్ చెత్త ఎత్తారు. అదే రోజు అప్పటి ముఖ్యమంత్రి ఫ్లెక్సీల నిషేధం కూడా ప్రకటించారు. మంచి పనులే. ఫ్లెక్సీలు ఏమయ్యాయో తల ఎత్తి చూసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత జనపనార సంచి షోరూములకెక్కింది. మీద ఒక ఆకు బొమ్మ, కింద భూమిని కాపాడమని ఇంగ్లీషులో ఒక మాట, కొన్ని వందల ధర. పూర్ణా మార్కెట్లో గోనె సంచి బియ్యం మోస్తుంది, ఖాళీ అయ్యాక ఉల్లిపాయలు మోస్తుంది, చిరిగితే కుట్టించుకుని బంగాళాదుంపలు మోస్తుంది, చివరికి బండి తట్టు మీద పరుపై పడుకుంటుంది. దాని మీద ఆకు బొమ్మ లేదు. విందు భోజనానికి ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు విస్తరి చూడండి, పుల్లలతో కుట్టినది, తిని పారేస్తే మట్టిలో కలిసిపోతుంది, అయినా దాన్ని ఏ అంతర్జాతీయ సంస్థా సర్టిఫై చేయలేదు పాపం. ఇక భీమిలి దారిలో చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. నారసంచి నేసే కార్మికులు రోడ్డున పడ్డారు, నారసంచి మాత్రం ఫ్యాషనైంది.

సంచి, సైకిలు అన్నీ వ్యక్తి అలవాట్లు. ఆ అలవాటు నిలబడాలంటే దాని కింద ఏదో ఒకటి ఉండాలి. విశాఖలో అది బస్సు. ఎత్తుపల్లాలు, ఉక్కపోత ఉన్న ఊరిలో అందరూ సైకిలు తొక్కలేరన్న మాట నిజమే. అందుకే బస్సు. ఆ బస్సుకు మనం ఏం చేశాం? జవహర్‌లాల్ నెహ్రూ పేరిట వచ్చిన కేంద్ర పథకం డబ్బుతో పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం వైపు ఒకటి బస్సు కారిడార్లు కట్టాం, నడుమ రెండు వరుసలు బస్సుకే అన్నాం. ఇప్పుడు ఆ వరుసల్లో బస్సు తప్ప అన్నీ హాయిగా వెళ్తాయి. మెట్రో కూడా ఉంది, కాగితం మీద. 2014 విభజన చట్టంలో ఏడాదిలోగా సాధ్యాసాధ్యాలు తేల్చమన్నారు. తేలుతూనే ఉంది. మొదటి దశ పొడవు 46.23 కిలోమీటర్లని దశాంశాలతో సహా తెలుసు, ఎక్కడమే బాకీ. 2025 ఆగస్టు 29న మాత్రం బ్యాటరీతో నడిచే రెండంతస్తుల బస్సులు నిజంగానే వచ్చాయి. అవి ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండకు వెళ్తాయి. సముద్రం చూడ్డానికి. పాత పోస్టాఫీసు నుంచి పూర్ణా మార్కెట్ మీదుగా జగదాంబకు కూరల సంచితో వెళ్లే ఆవిడకు సముద్రం ఎలాగూ రోజూ కనిపిస్తుందనుకున్నారేమో.

ఆ ఆవిడ గురించి ఇంకో మాట. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు చాలా రకాల ఆర్టీసీ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. స్త్రీశక్తి అన్నారు. వెంటనే చదువుకున్న ఇళ్లలోంచి గొణుగుడు వినిపించింది, ఉచితాలతో రాష్ట్రం దివాలా తీస్తుందని. సరే, దివాలా సంగతే చూద్దాం. విద్యుత్ వాహనాల కొనుగోలుకు ఊతమిచ్చే పథకానికి 2019లో కేంద్రం 10 వేల కోట్లు కేటాయించింది. దాన్ని ఎవరూ ఉచితం అనలేదు, ప్రోత్సాహకం అన్నారు. కొత్త బండి కొనేవాడికిచ్చేది ప్రోత్సాహకం, బండి కొనకుండా బస్సెక్కే ఆవిడకిచ్చేది ఉచితం. ఒక్క టికెట్ ఎత్తేస్తే ఎన్ని లక్షల ప్రయాణాలు ఆటో నుంచి, స్కూటరు వెనక సీటు నుంచి బస్సుకు మారతాయో పచ్చదనం లెక్కలు కట్టేవాళ్లు ఇకనైనా కూర్చుని చూడాలి. బస్సులు కిక్కిరిసిపోతున్నాయన్న ఫిర్యాదు న్యాయమైనదే. కిక్కిరిసిపోతే ఎక్కేవాళ్లను తగ్గించడమా, బస్సులు పెంచడమా? కార్లు కిక్కిరిస్తే ఫ్లైఓవర్ కట్టాం కదా, కార్లను తగ్గించమని అప్పుడెవరూ అనలేదే.

మిగిలిన ఆక్షేపణ ఒకటే: ఏ పనైనా సంకేతంతోనే మొదలవుతుంది, సోమవారంతో మొదలుపెడితే తప్పేమిటి అని. తప్పులేదు. కొలంబియాలోని బొగోటా నగరం 1974లో ఆదివారం పూట కొన్ని వీధులు మూసేసి సైకిళ్లకు వదిలింది. అదీ వారానికొకరోజు వ్రతమే. అయితే అక్కడ ఆ పూట కారును రోడ్డు మీదికి రానివ్వలేదు, ఎవరి ఇష్టానికీ వదల్లేదు. తర్వాత అదే నగరం 2000లో బస్సులకు నడిరోడ్డు రాసిచ్చింది, ఆ వరుసలో మరొకరిని రానివ్వకుండా. సింగపూరైతే సంకేతాల జోలికే పోలేదు, 1975లోనే ఊరి నడిబొడ్డులోకి వచ్చే కారుకు రుసుము పెట్టింది. మనకు బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కార్లు ఆగుతాయి, నడకకొచ్చేవాళ్ల కోసం. ఆ వేళకు పూర్ణా మార్కెట్లో కూడా నడిచేవాళ్లుంటారు, నెత్తి మీద తట్టలతో. వాళ్ల వీధిలో కార్లను ఆపిన పొద్దు ఇంకా రాలేదు. ఇద్దరూ నడిచేది ఒకే ఊరిలో. ఒకరిది ఆరోగ్యం, ఒకరిది అడ్డం.

కాబట్టి సోమవారం సైకిలెక్కే పెద్దలకు ఒక మనవి. వ్రతం మానకండి. కానీ ఒక్కసారి మంగళవారం పొద్దున్నే, ఫొటోగ్రాఫరును వెంట పెట్టుకోకుండా, పాత పోస్టాఫీసు దగ్గర సిటీ బస్సెక్కి పూర్ణా మార్కెట్ స్టాపులో దిగండి. దిగడానికి జాగా దొరికితే.