మోడెం నిద్రాసూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: వీధి గుంటలో ఇనుప మూత కింద ఉన్న నీళ్ల మీటరుకు కరెంటు లైను లేదు. ఉన్నదల్లా ఒక బ్యాటరీ. అది ఏళ్ల తరబడి రావాలి. కాబట్టి మీటరులోని చిప్పు తన మోడెంను ఉద్దేశించి ఇలా పలుకుతున్నది.

మూలం:
ఏటీ+సీపీఎస్ఎంఎస్=1,,,"00100001","00000101"

టీక: ఏటీ = ఓ మోడెమా, ఇటు వినుము (హేస్ కంపెనీ మోడెములతో 1981లో మొదలైన సంబోధన); +సీపీఎస్ఎంఎస్ = పవర్ సేవింగ్ మోడ్ అనెడు నిద్రను గూర్చి; 1 = మొదలిడుము (0 అయినచో వలదని); కామాల నడుమ రెండు ఖాళీలు = 2జీ, 3జీ వారి భాగములు, ఇచట వారు లేరు గనుక మౌనము; "00100001" = గంటకొకసారి లేచి హాజరు పలికెదననియు; "00000101" = పని ముగిసిన పిదప పది సెకన్లు చెవియొగ్గి, అటుపై కన్ను మూసెదననియు; (నెట్‌వర్కునకు విన్నవించుము అని అధ్యాహారము).

ఇక్కడ కొంచెం ఆగాలి. ఎనిమిది బిట్లలో మొదటి మూడూ కొలమానం, తక్కిన ఐదూ సంఖ్య. మొదటి పదంలో 001 అంటే గంట, 00001 అంటే ఒకటి. రెండో పదంలో 000 అంటే రెండు సెకన్లు, 00101 అంటే ఐదు, వెరసి పది సెకన్లు. అయితే అదే 001 రెండో పదంలో పడితే గంట కాదు, నిమిషం. 000 మొదటి పదంలో పడితే రెండు సెకన్లు కాదు, పది నిమిషాలు! ఇలా నిర్ణయించిన పెద్దలకు దూరం నుంచే నమస్కారం.

తాత్పర్యం: పని లేనప్పుడు నన్ను పిలవకండి, నేనే వస్తాను.

శంక: ఆ మాత్రానికి స్విచ్చాఫ్ చేస్తే పోలేదా?
సమాధానం: పోదు. ఆపి మళ్లీ వెలిగిస్తే మోడెం నెట్‌వర్కును వెతుక్కుని, కొత్తగా పేరు నమోదు చేయించుకోవాలి. బ్యాటరీ కరిగేది అక్కడే. ఈ నిద్రలో కరెంటు వాడకం మైక్రోఆంపియర్లకు దిగుతుంది, పేరు మాత్రం హాజరుపట్టీలో చెరగదు.

శంక: అయితే ఇది కుంభకర్ణ నిద్రే కదా?
సమాధానం: ఆ పోలిక పొసగదు. కుంభకర్ణుణ్ణి భేరీలు మోగించి లేపవచ్చు. దీన్ని నెట్‌వర్కు వైపు నుంచి ఎవరూ లేపలేరు. గడువు తీరాలి, లేదా పక్కనున్న చిప్పు తట్టాలి. పైగా ఆయనది ఆరు నెలలే. ఈ గడువుకు పై హద్దు 320 గంటలకు 31 రెట్లు, అంటే 413 రోజుల పైమాట.

శంక: మా బోరు మోటారు మొబైల్ స్టార్టరుకు ఇది పెట్టవచ్చునా?
సమాధానం: పెట్టరాదు. పొలం తడపడానికి ఫోన్ చేస్తే ఎత్తేవాడు ఉండాలి. మధ్యేమార్గంగా ఈడీఆర్ఎక్స్ అనే కోడినిద్ర ఉంది. నడుమనడుమ చెవి విప్పుతుంది. కాని ఎల్‌టీఈ-ఎం రకం నెట్‌వర్కులో ఆ ఎడం 43 నిమిషాల దాకా, ఎన్‌బీ-ఐఓటీ రకంలో మూడు గంటలకు కాస్త తక్కువ దాకా సాగవచ్చు. అంతసేపు గట్టు మీద నిలబడే రైతు ఎవరు?

విశేషం: ఇది ఆజ్ఞ కాదు, అర్జీ. గంట అడిగితే నెట్‌వర్కు గంటే ఇవ్వాలని లేదు. అసలు నిద్రకే ఒప్పుకోకపోవచ్చు. మోడెం మాత్రం సూత్రం వినగానే "ఓకే" అంటుంది. ఆ ఓకే విని లాప్‌టాప్ మూసేసేవారే ఎక్కువ. మంజూరైనదేదో తెలియాలంటే ఏటీ+సీఈఆర్ఈజీ=4 అని చెప్పి, తర్వాత ప్రశ్నార్థకంతో అడగాలి. జవాబులో పదాల క్రమం తారుమారు: మెలకువ ముందు, గడువు వెనక. ఆ సంగతి మరచి అడిగిన వరుసలోనే చదివారో, గంట గడువు యాభై నిమిషాలవుతుంది, పది సెకన్ల మెలకువ నిమిషమవుతుంది. రెండూ నమ్మదగ్గ అంకెలే కావడం వల్ల ఎవరికీ అనుమానం రాదు. మీటరు తన గంట లెక్కన లేచి పడుకుంటూనే ఉంటుంది. ఇంజనీరుగారు మాత్రం పది నిమిషాలు ముందుగా వచ్చి, మూత తీసి, సిమ్ము మారుస్తూ ఉంటారు.