ఇరవై ప్లస్ ఒకటి

గొర్రె చూడికాలం ఐదు నెలలు. సర్కారు ఎక్సెల్ పట్టికలో అంత ఓపిక ఎవరికుంటుంది? అక్కడ పిల్లలన్నీ బతుకుతాయి, చిటుకు రోగం రాదు, వానలు ఆలస్యం కావు.

2017లో తెలంగాణ సర్కారు గొల్లకురుమలకు గొర్రెల పంపిణీ మొదలుపెడుతూ యూనిట్ అంటే ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు అని తేల్చింది. ఖరీదు 1,25,000 రూపాయలు. ముప్పావు వంతు సబ్సిడీ, మిగతా 31,250 లబ్ధిదారుడి వాటా. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. తమాషా అంతా గుణకారం దగ్గర మొదలైంది. ఒక యూనిట్‌కు ఇంత లాభమైతే ఊరికెంత? ఏడు లక్షల పైచిలుకు కుటుంబాలకెంత? నొక్కినకొద్దీ సున్నాలు పెరిగాయి. ఊరి బంజరు మాత్రం పెరగలేదు. ఇంటింటికీ ఇరవై ఒక్కటి దిగితే ఒకే గడ్డిని ఎందరు మేయాలో రాయడానికి పట్టికలో గడి లేదు.

ఇరవై ఒక్క జీవాల వెనక ఒక మనిషి పొద్దంతా తిరిగితే కూలి గిట్టదని ఏ కాపరిని అడిగినా చెబుతాడు. అందుకే తనవి బావమరిది మందలో కలుపుతాడు, ఇద్దరూ కలిసి ఒక జీతగాణ్ణి పెట్టుకుంటారు. ఎండాకాలం నీళ్లున్న వైపు సాగిపోతారు. దారిలో కోతైన పొలాల్లో రాత్రిళ్లు మంద పెడతారు, ఆ ఎరువుకు రైతు వడ్లో డబ్బో ఇస్తాడు. అసలు ఆదాయంలో కొంత అదే. తనిఖీకి వచ్చిన అధికారి చెవి ట్యాగులు పట్టుకుని ఆ కాపరి ఇంటి ముందు నిలబడి, 'యూనిట్ ఏదీ?' అంటే ఏం చెప్పాలి? అది మూడు మండలాల అవతల, మరో నాలుగు యూనిట్లలో కలిసి మేస్తోంది సార్.

మేపుదామంటే మొక్కలకు కాపలా. 2019లో హుజూరాబాద్‌లో నాటిన మొక్కలు తిన్నాయని రెండు మేకలను పోలీస్ స్టేషన్‌కు పట్టుకెళ్లారు, జరిమానా కట్టాకే వదిలారు. పెంచమన్నదీ సర్కారే, మేస్తే జరిమానా వేసిందీ సర్కారే.

న్యాయంగా చెప్పాలంటే గొర్రెలు పెరిగాయి. 2012 పశుగణనలో 1.28 కోట్లు, 2019లో 1.90 కోట్లు, ఆ లెక్కన దేశంలో మనదే మొదటి స్థానం. మటన్ ధర మాత్రం ఆ నివేదిక చదవలేదు.

కాగ్ ఆడిటర్లు ఈ పథకం రవాణా బిల్లులు తిరగేస్తే, గొర్రెలు తెచ్చిన 'లారీల' నంబర్లలో కొన్ని మోటారు సైకిళ్లవని తేలింది. నాకేం ఆశ్చర్యం కలగలేదు. పట్టికలో ఏడు లక్షల యూనిట్లను ఉన్న బంజర్ల మీదే ఎక్కించిన చేతులకు, మందను బైకు మీద ఎక్కించడం ఒక లెక్కా?