ఇరవై నాలుగు పాయింట్ తొంభై తొమ్మిది

సీతారామపురం మండలంలో వాగు మీద కల్వర్టు కట్టాలంటే వాగులో నీళ్లు ఉన్నా లేకున్నా ఫైల్లో కాగితాలు ఉండాలి. మా మెట్టలో మొదటివి అరుదు, రెండోవాటికి కొదవలేదు.

కొత్తగా వచ్చిన ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, ముందు ఎస్టిమేటు వేస్తాడు. ఇసుకకెంత, కంకరకెంత, కూలికెంత అన్నది ఎస్‌ఎస్‌ఆర్ పుస్తకం చెబుతుంది. ఉదయగిరి అంగట్లో చెప్పే రేటు వేరుగా ఉంటుంది గానీ, దాని కింద సంతకం లేదు కాబట్టి చెల్లదు. తర్వాత పరిపాలనా అనుమతి, దాని వెనకే టెక్నికల్ శాంక్షన్. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో ఉదయగిరి కోట పట్టుకున్నాడని గొప్పగా చెబుతారు. ఆయనకు టెక్నికల్ శాంక్షన్ అక్కర్లేదు కాబట్టి అంతలో తేలింది.

ఇక టెండరు. ఒకప్పుడు ఆఫీసులో తాళం వేసిన పెట్టె ఉండేది. షెడ్యూలు కొని, రేటు రాసి, కవరు ఆ పెట్టెలో వేయాలి. అందులో కష్టమంతా చివరి నాలుగడుగులే. తెల్లచొక్కాల మనుషులు ఎదురొచ్చి, "అన్నా, ఎండన పడొచ్చినావే, మజ్జిగ తాగి పోదువు రా" అని ఆప్యాయంగా బయటికి తీసుకుపోయేవాళ్లు. టైము దాటాక వదిలిపెట్టేవాళ్లు. 2003లో రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక ఆ మజ్జిగ ఖర్చు మిగిలింది.

అదే ఏడాది జులైలో వచ్చిన జీవో 94 నాకు హాస్యగ్రంథం. ఎస్టిమేటు మీద 5 శాతానికి మించి ఎక్సెస్ వేస్తే చెల్లదు. 25 శాతానికి మించి లెస్ వేస్తే, ఆ మించినంత సొమ్మూ అగ్రిమెంటు నాడు అదనపు డిపాజిట్‌గా కట్టాలి. మరీ తక్కువకు పాడుకొని పని సగంలో వదిలి పోకుండా కట్టిన కంచె అది. కాంట్రాక్టర్లు మాత్రం దాన్ని "24.99 దాకా ఫ్రీ" అని చదువుకున్నారు.

"ఇంత లెస్ వేస్తే నీకేం మిగులుద్ది?" అని అడిగానొకాయన్ని.

"మిగిలేది తర్వాత సార్, ముందు పని రావాల గదా!"

ఆ పోయిన పావు వంతు పనిలో ఎక్కడ తగ్గిందో వెతకడమే ఏఈ ఉద్యోగం. ఆయుధం కొలతల పుస్తకం, ఎం-బుక్ ఒక్కటే. పొడవు, వెడల్పు, లోతు స్వయంగా కొలిచి రాయాలి, అదీ పునాది మీద మట్టి పడకముందే. ఆలస్యంగా పోతే కాంట్రాక్టరు నేల వైపు చూపించి, "లోపలుంది సార్" అంటాడు, ఘటికసిద్ధేశ్వరంలో గర్భగుడి వైపు చెయ్యి చూపించినంత భక్తిగా.

అయితే అతని బాధా తక్కువది కాదు. పని ముగిశాక రెండేళ్లు కల్వర్టుకు ఏమైనా అయితే బాగుచేసే పూచీ అతనిదే. నాకు తెలిసిన ఒకాయనకు ఆ రెండేళ్లూ నిండాయి, బిల్లు మాత్రం ప్రభుత్వ చెల్లింపుల సైటు సీఎఫ్‌ఎంఎస్‌లో పెండింగ్ అని చూపిస్తూనే ఉంది. ఇప్పుడాయన బిల్లు కనుక్కోవడానికి ఆత్మకూరు బస్సెక్కి, తన డబ్బుతో కట్టిన కల్వర్టు మీదుగా టిక్కెట్టు కొనుక్కొని పోతున్నాడు.