ఎవరి పొగ వాళ్ళే మింగిన రోజులు

మా రోజుల్లో పొగ లేదని నేననను. మా అమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదుతుంటే వంటిల్లంతా మసకేసేది. ఆవిడ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. నాన్నగారు మాత్రం వీధరుగు మీద హాయిగా పేపరు చదువుకునేవారు. కాబట్టి అప్పుడేదో ధర్మం నాలుగు పాదాల మీద నడిచిందనీ అనను. కానీ మా పొయ్యి పొగ మమ్మల్నే ఏడిపించేది. పోతే పక్కింటిదాకా పోయేది.

ఇప్పుడు హైదరాబాదులో మా అబ్బాయి ఫ్లాట్‌లో పొగన్నదే కనపడదు. వంటకి గ్యాసు, పైన చిమ్నీ, మనిషికో ఏసీ. "ఇంకెక్కడి పొగ నాన్నా!" అంటాడు. ఎక్కడికి పోయిందో నేను చెప్తాను. బొగ్గు కరెంటు ఒక యూనిట్ రావాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. రాత్రంతా ఒక ఏసీ ఆడితే ఎనిమిది యూనిట్లనుకోండి, అయిదున్నర కిలోలు. మా అమ్మ ఇంటిల్లిపాదికీ రెండు పూటలా వండటానికి కాల్చిన కట్టెలూ ఇంచుమించు అంతే! ఆ బొగ్గు మండేది రామగుండంలోనో, పాల్వంచలోనో. బూడిదా, గంధకం పొగా ముందు తగిలేది ఆ చుట్టుపక్కల ఊళ్ళకి. ఆ గంధకాన్ని పట్టే యంత్రాలు పెట్టక తప్పని హద్దులు 2015లో కేంద్రమే విధించింది. గడువు మీద గడువు పెంచుతూ వచ్చి, 2025 జులైలో చాలా ప్లాంట్లకి అవి అక్కర్లేదు పొమ్మంది. మా కరెంటు బిల్లులో ఈ పద్దు ఎక్కడా కనపడదు.

సరుకులదీ ఇదే వరస. అప్పట్లో నెలకోసారి చీటీ రాసి కిరాణా కొట్లో ఇచ్చేవాళ్ళం. మా కోడలికి కొత్తిమీర కట్టకొక బండి రావాలి, మరిచిపోయిన పచ్చిమిర్చికి ఇంకో బండి. ఆ బండి నడిపే పిల్లాడు పొద్దస్తమానం బస్సుల వెనక పొగలోనే ఉంటాడు.

మన దేశంలో ఇళ్ళ ఖర్చునీ గాలినీ జోడించి 2021లో కొందరు శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. తాము వదిలిన కాలుష్యంతో పోలిస్తే తమ ప్రాణానికి ఎంత ముప్పో చూస్తే, అట్టడుగు పదోవంతు కుటుంబాలకి పైనున్న పదోవంతు కంటే తొమ్మిది రెట్లు ఎక్కువట. నాకైతే ఆ పరిశోధన అక్కర్లేదు, మా సెల్లార్‌లోకి దిగితే చాలు. కరెంటు పోగానే లిఫ్టుల కోసం జనరేటర్ మొదలవుతుంది. దాని గొట్టం ర్యాంపు పక్కనే, వాచ్‌మన్ స్టూలుకి నాలుగడుగుల దూరంలో. అక్కడి గోడ మసిబారి మా పాత వంటిల్లులాగే ఉంది. అతనికి గ్యాసు కనెక్షన్ ఉంది, సిలిండరూ ఉంది. నెలాఖరుకి అది ఖాళీ అయితే మళ్ళీ జీతం అందేదాకా కట్టెలే. ఆ కట్టెలైనా ఎక్కడివి? మన ఫ్రిజ్‌లూ సోఫాలూ దిగిన చెక్క పెట్టెలు.

జనరేటర్ గొట్టం మేడ మీదికి ఎత్తించాలి, నిబంధన కూడా అదే అని అసోసియేషన్ మీటింగ్‌లో అన్నాను. "ఫండ్స్ లేవు అంకుల్" అన్నారు. ఆ తర్వాత క్లబ్‌హౌస్‌కి గాలి శుభ్రం చేసే మెషీన్ కొనడానికి అందరూ చేతులెత్తారు. మా వాడితో సహా.