మరిపెడ ఫ్లెక్సీకి ‘గ్లూకోజు’ వ్యాఖ్య

అవతారిక

మరిపెడ బంగ్లా సెంటర్‌లో, ఖమ్మం నుంచి వరంగల్ పోయే బస్సులు ఆగే చోట, కరెంటు స్తంభానికీ వేపచెట్టుకూ మధ్య కట్టిన ఫ్లెక్సీ ఈ వ్యాఖ్యకు మూలం. మూలప్రతి ప్రస్తుతం పండితులకు అందుబాటులో లేదు. పోయిందని కాదు, భద్రంగానే ఉంది. వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో ఒక కుప్ప మీద బోర్లా కప్పి ఉంది. అక్షరాల వైపు వడ్లకు, తెల్ల వైపు ఆకాశానికి, నాలుగు మూలలా ఇటుకలు. కాంటా అయ్యేదాకా ముట్టుకోవద్దని కుప్ప గల ఆసామి ఖండితంగా చెప్పాడు. తేమ శాతం గురించి తల పట్టుకున్న మనిషిని పాఠపరిష్కరణ కోసం కుప్ప విప్పమనడం మర్యాద కాదు. అందుకని సెల్‌ఫోన్‌లో తీసిపెట్టుకున్న ఫొటోనే ఆధారప్రతి. అందులో వేపకొమ్మ అడ్డొచ్చి రెండక్షరాలు కనపడవు గానీ, అవి ఏమై ఉంటాయో ఫ్లెక్సీలు చదివే అలవాటున్న ఎవరైనా చెప్పగలరు.

ఇంత చిన్న మూలానికి ఇంత టీక దేనికంటారా? మల్లినాథసూరిది మన మెదక్ వైపు కొల్చారం. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన మహానుభావుడు. మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఈ వ్యాఖ్య ఇక్కడికే సరి. ఇంకొకటి, 2016లో వేరే మండలం కాకముందు చిన్నగూడూరు మా మరిపెడ మండలంలోదే. ఆ ఊళ్లో పుట్టిన దాశరథి రంగాచార్య నాలుగు వేదాలను తెలుగు చేశాడు. అవే ఆకేరు నీళ్లు తాగిన నాకు ఒక ఫ్లెక్సీ దక్కింది. ఎవరి ప్రాప్తం వారిది.

మూలం

“మీ అందరి ఆశీస్సులతో, హైదరాబాద్‌లో 42.195 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌ను విజయవంతంగా పూర్తి చేసుకున్న శుభ సందర్భంగా, నాకు వెన్నుదన్నుగా నిలిచిన పెద్దలకు, మిత్రబృందానికి, కుటుంబ సభ్యులకు, ప్రత్యక్షంగా పరోక్షంగా సహకరించిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా హృదయపూర్వక ధన్యవాదాలు. ఇట్లు, మీ...”

తాత్పర్యం

పిల్లగాడు ఉరికిండు. అందరికీ దండం పెట్టిండు. (తాత్పర్యం చివర రావాలన్నది సంప్రదాయం. తొందర ఉన్నవాళ్లు ఇక్కణ్నుంచే బస్సెక్కవచ్చని ముందుకు తెచ్చాను.)

టీక

మొదట నాయకుణ్ని చెప్పాలి. ఇతను కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారైన పిల్లగాడు. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరికితే ఆ మెట్టు దాటినట్టు. దాటాడు. తర్వాతి రాతపరీక్షలో పోయింది. ఉద్యోగం పోయినా కాళ్లకు ఆ కబురు అందలేదు. తెల్లవారుజామున లేవడం, ఉరకడం అట్లాగే మిగిలిపోయాయి. ఏటా ఆగస్టు నెలాఖరు ఆదివారం హైదరాబాద్‌లో మారథాన్ ఉంటుందని ఎవరో చెప్పారు. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర చీకట్లో బయలుదేరి, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియం చేరాలి. ఇతను చేరాడు.

‘మీ అందరి ఆశీస్సులతో’: ఈ ‘మీ’ ఎవరు? ఫ్లెక్సీ కింద నిలబడి తల ఎత్తినవారంతా. సూర్యాపేట బస్సు కోసం చూస్తున్న ముసలమ్మ, మిర్చి బస్తాలతో ఏనుమాముల మార్కెట్‌కు పోతూ చాయ్ కోసం ఆగిన డ్రైవరు, వ్యాఖ్యాత, అందరూ. వీరెవరూ ఆశీర్వదించిన దాఖలా లేదు. అయినా ఫలితం వచ్చాక ఆశీస్సును వెనక తేదీ వేసి పంచిపెట్టడం మన దగ్గర అనూచానంగా వస్తున్నదే, తప్పు పట్టరాదు.

‘42.195’: ఇక్కడ కాస్త ఆగాలి. నలభై రెండు సరే, ఆ మీద 195 మీటర్లు ఎక్కడివి? అంతకుముందు ఈ పందెం రమారమి నలభై కిలోమీటర్లు. 1908లో లండన్ ఒలింపిక్స్ పెట్టినప్పుడు విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ఎదుట ముగించేట్టు దారి గీశారు. ఆ కొలతనే 1921లో లోకమంతటికీ ఖాయం చేశారు. అంటే దొరసానికి కనబడేట్టు సాగదీసిన దూరాన్ని, నూరేళ్ల తర్వాత మరిపెడ పిల్లగాడు కూడా చచ్చినట్టు ఉరకాలి. ముఖ్య అతిథి కుర్చీ ఎటుంటే కార్యక్రమం అటు తిరగడం మనకొక్కరికే ఉన్న రోగమనుకునేవాళ్లు ఇది గమనించాలి.

‘వెన్నుదన్నుగా నిలిచిన’: ఈ వ్యాఖ్యలో కఠినమైన పదం ఇదే. వాచ్యార్థం తీసుకుంటే, వెనక నుంచి వీపును తన్నిపట్టి నిలబెట్టినవారని. ఆ అర్థం చెబితే మన పిల్లగాడి మెడల్ ఊడిపోతుంది. ఎట్లాగంటే, అదే 1908 లండన్ పందెంలో ఇటలీ వాడు డొరాండో పియెట్రి అందరికన్నా ముందు స్టేడియంలోకి వచ్చాడు. మిఠాయి దుకాణంలో పనిచేసిన మనిషి. ఎండకు, అలసటకు సోయి తప్పి ఎటు ఉరకాలో తెలియక ఎదురుదిక్కు పట్టాడు. తిప్పారు. పడ్డాడు. లేపారు. మళ్లీ పడ్డాడు, మళ్లీ లేపారు. అట్లా పడుతూ లేస్తూ ఆ చివరి కాస్త దూరానికే పది నిమిషాల దాకా పట్టింది. గీత దాటేటప్పుడు చెయ్యి ఆసరా ఇచ్చినవాళ్లు పక్కనే ఉన్నారు. అమెరికా వాళ్లు అభ్యంతరం పెట్టారు. పట్టి లేపడం సాయం కిందికి వస్తుంది కనుక పందెం చెల్లదన్నారు. బంగారు పతకం వెనక వచ్చిన జానీ హేస్‌కు పోయింది. మర్నాడు అలెగ్జాండ్రా రాణి డొరాండోకు బంగారు పూత వెండి కప్పు ఇచ్చింది. నాకు తెలిసినంతలో ఆ పందెం పేరెత్తితే డొరాండోనే తలుస్తారు, హేస్‌ను అడిగేవాడు లేడు. ఆ లేపినవాళ్లకు డొరాండో ధన్యవాదాలు చెప్పి ఉంటే ఏ మొహంతో చెప్పాలి? వాళ్లు చెయ్యి వెయ్యకుంటే అక్కడే పోయేవాడేమో. వేసినందుకే ఓడాడు.

కాబట్టి ‘వెన్నుదన్ను’ను వాచ్యంగా తీసుకోరాదు. ముఖ్యార్థానికి బాధ కలిగినప్పుడు లక్షణ పుడుతుందని ఆలంకారికులు చెప్పారు. గంగలో పల్లె ఉందంటే ఒడ్డున ఉందని తీసుకున్నట్టు, వెన్నును తన్నారంటే వెన్నుకు మూరెడు దూరంలో, చెయ్యి తగలకుండా ఉన్నారని తీసుకోవాలి. ఆ మూరెడు దూరంలో ఎవరున్నారన్నది కిందికి పోయిన కొద్దీ తేలుతుంది.

‘పెద్దలకు’: ఆధారప్రతిలో పైవరుసన గుండ్రాల్లో ఆరు మొహాలు. కింది వరుసలో మండలస్థాయి మొహాలు, కొంచెం పెద్దవి. ఒకాయన ఫొటోలో జన్మదిన శుభాకాంక్షల దండ ఇంకా మెడలోనే ఉంది, వేరే ఫ్లెక్సీ నుంచి తెచ్చి అతికించారు కదా. ఉరికిన పిల్లగాడు కుడివైపు అడుగున, చేతులు జోడించి. మెడల్ ఆ జోడించిన చేతుల చాటున పోయింది. చూసినవాళ్లు ఏదో సర్పంచ్ ఎలక్షన్‌కు నిలబడ్డాడని అనుకున్నారు.

ఆక్షేపం: పెద్దలు చేసిన ఉపకారమేమి? సమాధానం: ఫ్లెక్సీ ఖర్చు. ఫ్లెక్సీ ధర చదరపుటడుగుల మీద కడతారు, మొహాల కొలత కూడా ఆ లెక్కనే వచ్చింది. ధన్యవాదం చెప్పడానికయ్యే ఖర్చు భరించినందుకు ధన్యవాదం! తర్కంలో దీన్ని ఆత్మాశ్రయదోషం అంటారు. మండల కేంద్రంలో దోషంగా లెక్కించరు.

‘మిత్రబృందానికి’: బృందమంటే కనీసం ముగ్గురు ఉండాలి. ఫ్లెక్సీ మీద పదకొండు మంది ఉన్నారు. తెల్లవారుజాము నాలుగింటికి బంగ్లా సెంటర్‌కు వచ్చింది మాత్రం ఒక్కడు. ఇక్కడి బహువచనం గౌరవార్థకమని సరిపెట్టుకోవాలి. ఆ ఒక్కడికీ ఉరకడం రాదు. బైకు ఉంది. ఆ రోడ్డు చీకట్లో ఒంటరిగా ఉరికేది కాదు, గ్రానైట్ బండలు వేసుకొచ్చే లారీలకు పక్కన మనిషి ఉన్నాడో బర్రె ఉన్నదో పట్టదు. అందుకని ఇతను బైకు వెనక పెట్టుకుని, లైటు వేసి, రెండో గేరులో వస్తాడు. ఉరికేవాడి వేగంతో బైకు నడపడం ఎంత తిప్పలో నడిపి చూస్తే తెలుస్తుంది. ఇంజను గురగురమంటుంది, పెట్రోలు కన్నంపడ్డట్టు అయిపోతుంది, కాళ్లు రెండూ కింద ఈడ్చాలి. ట్యాంకు మీద నీళ్ల సీసా, జేబులో అరటిపండు. పిల్లగాడి నీడ రోడ్డు మీద ముందుకు పొడుగ్గా పడి, ఎంత ఉరికినా అందకుండా పోతూ ఉండేదట. వాళ్లు ఖమ్మం దిక్కు పురుషోత్తమాయగూడెం వంతెన దాకా పోయి వెనుదిరిగేవారు. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి రోడ్డును కోసుకుపోయిన చోటు అది. అక్కడ పరాచికం తగదు, ముందుకు పోతున్నాను.

‘కుటుంబ సభ్యులకు’: అమ్మ అనవచ్చు కదా? ఫ్లెక్సీ భాషలో అమ్మ లేదు, సభ్యులే ఉంటారు. ఆమె మూడున్నరకు లేచి జావ కాచి, చల్లార్చి, “పానం మంచిగుండి గీ పోరనికేం పుట్టిందో” అని తిడుతూ స్టీలు గ్లాసు చేతిలో పెట్టేది. ఆ తిట్టును, జావను విడదీసి అర్థం చెప్పరాదు, రెండూ ఏకసమాసం.

ఇక్కడే దేహశాస్త్రం ఒకటి చెప్పాలి. ఉరికేటప్పుడు కిలో బరువుకు కిలోమీటరుకు ఒక కిలోక్యాలరీ ఖర్చని ఒక మోటు లెక్క. అరవై కిలోల పిల్లగాడికి ఆ దూరమంతా కలిపి రెండువేల ఐదు వందలు దాటుతుంది. కండల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర రెండువేలకు అటూ ఇటూ. ముప్పై కిలోమీటర్లు దాటాక ఒంట్లో సొంత పైసలు అయిపోయి చెయ్యి చాపాల్సి వస్తుంది. పరుగువాళ్లు దాన్ని ‘గోడ’ అంటారు. ఫ్లైఓవరు ఎక్కుతుంటే మన పిల్లగాడికి ఆ గోడ తగిలింది. తొడలు బిగుసుకుపోయాయి. అప్పుడు రోడ్డు పక్కన నైట్ ప్యాంటు మీద నిలబడ్డ ఎవరో ఒకావిడ ఉప్పు చల్లిన నారింజ తొన చేతిలో పెట్టి, “ఇంకా కొంచమే బాబూ” అంది. పచ్చి అబద్ధం, ఇంకా పది కిలోమీటర్లు ఉంది. ఆవిడ పేరు తెలియదు. ఆమె ఏ మాటలోకి వస్తుంది? పెద్దల్లోకి రాదు, మిత్రబృందంలోకి రాదు. అందుకే తర్వాతి సమాసం పుట్టింది.

‘ప్రత్యక్షంగా పరోక్షంగా సహకరించిన’: ‘పరోక్షం’ మీద మరిపెడలో మూడు మతాలున్నాయి. కిరాణా కొట్టు అరుగు వారి మతంలో, పరోక్ష సహకారులు రైస్‌మిల్లు దగ్గరి కుక్కలు. అవి తరమకుంటే వాడికి ఆ వేగం రాదని వారి వాదం. చాయ్ హోటల్ బల్ల వారి మతంలో, సహకారులు తామే. వాడు పోతుంటే రోజూ “ఎవలు తరుముతున్నరు బిడ్డా?” అని అడిగేది వాళ్లు. ఒక్కరోజైనా మధ్యలో ఆగి వెనక్కి వస్తే వీళ్ల మొహం చూడాలి కదా, ఆ భయానికే ఆగకుండా ఉరికాడని. కోచింగ్ సెంటర్ పిల్లలది మూడో మతం. కొత్త నోటిఫికేషన్ రాకపోవడమే పరోక్ష సహకారం, వస్తే వీడు చదువుకునేవాడు, ఉరికేవాడు కాడు.

మూడింటిలో బలం ఉంది. నా మాటకొస్తే మాత్రం, ఎదురుగా వస్తూ స్టీరింగు కాస్త తిప్పి లారీని మూరెడు పక్కకు జరిపిన డ్రైవర్లు పరోక్షులు. వాళ్లు అలా జరిపిన సంగతి వాళ్లకే గుర్తుండదు. జరపనివాడు ఒక్కడున్నా ఈ ఫ్లెక్సీ వేరే రకంగా ఉండేది, పైన ‘అశ్రునయనాలతో’ అని.

‘పేరుపేరునా’: ఒక్క పేరూ లేదు. స్పష్టం.

‘ఇట్లు, మీ’: ఇక్కడ పాఠాంతరం ఉంది. ఫ్లెక్సీ కట్టిన రెండో రోజు మండలస్థాయి పెద్దల్లో ఒకరికి కోపం వచ్చింది. తన ఫొటో లేదు. షూస్‌కు సగం డబ్బులు ఇస్తానని అన్నది తనే కదా అని అడిగించారు (అన్న మాట నిజమే). మళ్లీ ప్రింటు కొట్టించే స్థోమత లేదు. గుండ్రటి స్టిక్కర్ ఒకటి తెచ్చారు. ఎక్కడ అతకాలి? పైవరుస ముట్టే ధైర్యం ఎవరికీ లేదు. కింది వరుసలో జాగా లేదు. మిత్రబృందంలో చివరి మొహం మీద సరిగ్గా సరిపోయింది. ఆ మొహం బైకు వాడిది. నిచ్చెన తెచ్చి, తుడిచి, గాలి బుడగ రాకుండా అంచులు వత్తి అతికించింది కూడా వాడే. ఎందుకురా అంటే, “నా మొకం ఊర్ల ఎవలకు తెల్వదే? ఆయనదే తెల్వాలె” అని, నిచ్చెన దిగి, రేపు నాలుగింటికా నాలుగున్నరకా అని పిల్లగాణ్ని అడిగాడు.