తిండి అడగని స్విచ్చు కావలెను

ఫ్యాను స్విచ్చు కొనడానికి ఎవరూ మీటింగు పెట్టరు. మా ఆఫీసులో మాత్రం కందిగింజ కంటే చిన్న స్విచ్చు కోసం మీటింగు మీద మీటింగు.

మిరప చేలో తేమ కొలిచి 865 మెగాహెర్ట్జ్‌లో కబురంపే డబ్బాలో పెట్టాలి దాన్ని. యాంటెన్నా ఒక్కటే. పంపేటప్పుడు దాన్ని ట్రాన్స్‌మిటర్‌కి, వినేటప్పుడు రిసీవర్‌కి కలపాలి. ఆ పని చేసేదే ఆర్‌ఎఫ్ స్విచ్చు. బోర్డు మొత్తానికి ఆధారం ఒక సీఆర్2032 బిళ్ల, అంటే సుమారు 220 మిల్లీఆంపియర్ అవర్లు. "ఇంకాస్త పెద్ద బ్యాటరీ పెడదామండీ" అంటే మా మేనేజరు గారు, "డబ్బా అందం పోతుందయ్యా" అన్నారు. మిరప మొక్కలకి ఆ పట్టింపు ఉందని నాకు తెలీదు.

ముందుగా పిన్ డయోడు పేరొచ్చింది. పనితనానికి వంక పెట్టలేం, పెద్ద పవర్‌ని కూడా తట్టుకుంటుంది. కానీ సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడి బాపతు. ఉన్నంతసేపూ మర్యాదలు జరుగుతూనే ఉండాలి. దారి తెరిచి ఉంచాలంటే కరెంటు పారుతూనే ఉండాలి. 10 మిల్లీఆంపులనుకున్నా 22 గంటలు. భోగి నాడు పెట్టిన బిళ్ల కనుమ చూడదు.

గాలియం ఆర్సెనైడ్ స్విచ్చులు నయం. వోల్టేజీ చూపిస్తే చాలు, మైక్రోఆంపులతో సరిపెట్టుకుంటాయి. కాకపోతే కంట్రోలు పిన్నులు రెండు, ఒకటి పైకెత్తితే రెండోది దించాలి. ఆర్‌ఎఫ్ పిన్నులన్నిటికీ డీసీని ఆపే కెపాసిటర్లూ కావాలి. ధర చెప్పేటప్పుడు వీటి ఊసు ఎవరూ ఎత్తరు.

ఇక సిలికాన్ ఆన్ ఇన్సులేటర్ రకం. పీఈ4259 లాంటిదాన్ని ఒకే కంట్రోలు పిన్నుతో నడపొచ్చు, తాగేది సుమారు 9 మైక్రోఆంపులు. "తొమ్మిదేగా!" అన్నారు అందరూ. నిద్రపోతున్న రేడియో, మైక్రోకంట్రోలరు కలిసి రెండు మూడు మైక్రోఆంపులతో గడుపుకుంటుంటే, ఏ పనీ లేని స్విచ్చుకి తొమ్మిదా? విరుగుడుంది. స్విచ్చుకి సప్లైని మైక్రోకంట్రోలర్ పిన్నుతోనే ఇచ్చి, పని కాగానే తీసెయ్యొచ్చు. అప్పుడు కంట్రోలు పిన్నుని కూడా దించడం మరిచిపోవద్దు. లేకపోతే రక్షణ డయోడు గుండా దొడ్డిదారిన కరెంటు దూరి, ఆపేశామనుకున్న స్విచ్చు హాయిగా మేలుకునే ఉంటుంది.

అసలు దొంగ వేరే ఉన్నాడు. పిన్ను కనిపిస్తే పది కిలో ఓముల పుల్‌అప్ తగిలించడం మావాళ్ల ఆచారం. ఎందుకని అడిగితే "ఎప్పుడూ పెడతాం కదా సార్" అంటారు. నిద్రలో ఆ పిన్ను కిందికి దిగి ఉంటే 3 వోల్టుల దగ్గర 300 మైక్రోఆంపులు కారిపోతాయి. నెల తిరిగేసరికి బిళ్ల ఖాళీ, తిట్లు మాత్రం రేడియో చిప్పుకి. పోనీ రెసిస్టరే లేకుండా పిన్నుని గాలికొదిలేస్తే, లోపలి ట్రాన్సిస్టర్లు ఎటూ తేల్చుకోలేక రెండు వైపులా కాస్త కాస్త తాగుతాయి. ఒక మెగా ఓము పెట్టండి, అదీ నిద్రలో పిన్ను ఎటుంటుందో అటువైపుకే.

స్విచ్చుని తిప్పే పని ఎవరిదన్న తగువు కూడా నడిచింది. నన్నడిగితే రేడియోకే వదిలెయ్యాలి. ఎస్‌ఎక్స్1262 చిప్పులో డీఐఓ2 పిన్నుని అలా అమర్చుకుంటే, ప్రసారమప్పుడు అదే పైకి లేస్తుంది, అయ్యాక అదే దిగుతుంది. స్విచ్చు తిరగకముందే ట్రాన్స్‌మిటర్ని లేపే అవకాశం సాఫ్ట్‌వేర్ వాళ్లకి దొరకదు.

వీటన్నిటి మధ్య మేనేజరు గారు అరపూట వాదించింది మాత్రం స్విచ్చులో నష్టం 0.3 డెసిబెలా, 0.4 డెసిబెలా అని. తేడా రెండు శాతం పవర్. చేలో ఎద్దు అడ్డంగా నిలబడితే అంతకంటే ఎక్కువే పోతుంది.

కాబట్టి డేటాషీటు తెరిస్తే మొదటి పేజీలో మెరిసే డెసిబెళ్లని కాసేపు పక్కన పెట్టండి. సప్లై కరెంటెంత, కంట్రోలు పిన్ను కరెంటెంత, బిళ్ల నీరసించి 2 వోల్టులకి దిగినా పనిచేస్తుందా అన్నది చూడండి. మీటింగు ఆ తర్వాత పెట్టుకోవచ్చు. మేనేజరు గారిని పిలవకపోయినా నష్టం లేదు.