బరువు మొయ్యని గోడముక్క

నేను మట్టిముక్కను. అచ్చులో అదిమి, ఆరబెట్టి, తెల్లటి గాజుపూత పూసి బట్టీలో కాల్చారు. కుండ పుట్టేదీ దాదాపు ఇలాగే. కుండ నీళ్లను లోపల దాచుకుంటుంది, నేను బయటే ఆపుతాను. షికాగోలో స్టేట్ స్ట్రీట్, వాషింగ్టన్ స్ట్రీట్ కలిసే మూల మీద ఉన్న రిలయన్స్ బిల్డింగ్‌లో, ఏడో అంతస్తు కిటికీ పక్కన, 1895 నుంచి నా కాపురం.

నాకంటే ముందే ఈ భవనానికో కథ ఉంది. మమ్మల్ని అమర్చిన మేస్త్రీలు చెప్పుకుంటుంటే విన్నాను. స్థలం విలియం ఎల్లరీ హేల్‌ది. లిఫ్టుల వ్యాపారంలో సంపాదించిన మనిషి, ఎత్తు కట్టాలని ఆయనకు కాక ఇంకెవరికి ఉంటుంది! కానీ ఆ మూలన అప్పటికే ఒక పాత భవనం ఉంది, దాని పై అంతస్తుల్లో ఉన్నవాళ్ల అద్దె గడువు 1894 దాకా తీరదు. హేల్ ఆగలేదు. 1890లో పై అంతస్తులను అలాగే జాకీల మీద నిలబెట్టి, కింది అంతస్తు తీసేయించి, కొత్త పునాదీ కొత్త కింది అంతస్తూ కట్టించాడు. పైన అద్దెకున్నవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. ఇన్నేళ్ల తరవాత తలచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ కింది భాగం వాస్తుశిల్పి జాన్ రూట్ గీసింది. 1891 జనవరిలో న్యుమోనియాతో ఆయన పోయాడు, 41 ఏళ్లకే. ఆయన భాగస్వామి డేనియల్ బర్న్‌హామ్ మిగతా పనిని చార్లెస్ ఆట్‌వుడ్ చేతిలో పెట్టాడు. ముదురురంగు గ్రానైటు మీద తెల్లటి మమ్మల్ని నిలపాలన్న ఊహ ఆట్‌వుడ్‌ది. భవనం పూర్తయిన ఏడాదే, 1895 డిసెంబరులో, ఆయనా పోయాడు. నన్ను ఇక్కడికి తెచ్చిన మనిషి ఒక్క ఏడాదైనా తీరిగ్గా నన్ను చూసుకోలేదే అన్న దిగులు నాకిప్పటికీ ఉంది.

మాకు కొన్ని వీధుల అవతల మొనాడ్‌నాక్ భవనం ఉంది. దాని ఉత్తరపు సగాన్ని బర్న్‌హామ్, రూట్‌లే కట్టారు. ఆ సగం 16 అంతస్తుల ఇటుక. అంత బరువు మొయ్యడానికి గోడ అడుగున ఆరడుగుల మందం కావలసి వచ్చింది. మా దగ్గర గోడ ఏమీ మొయ్యదు. ఎడ్వర్డ్ షాంక్‌లాండ్ అనే ఇంజనీరు రెండేసి అంతస్తుల పొడవున్న ఉక్కు స్తంభాలను, అతుకులన్నీ ఒకే మట్టంలో పడకుండా నిలబెట్టించాడు. పై పది అంతస్తుల ఉక్కు 15 రోజుల్లో లేచింది. మేం ఆ ఉక్కుకు తగిలించిన చర్మం. గోడ బరువు మొయ్యనక్కర్లేదు కాబట్టే అంతంత అద్దాలు పెట్టగలిగారు. నడుమ కదలని పెద్ద అద్దం, అటూ ఇటూ తెరిచే సన్నటి కిటికీలు.

మొయ్యనిదానివి, మరి నీ పనేమిటి అంటారా? నా వెనకున్న ఉక్కుకు తడి తగలనివ్వకపోవడం.

ఆ రోజుల్లో షికాగో బొగ్గుపొగలో బతికింది. మా గాజుపూతను వానే కడిగేస్తుందని అందరూ నమ్మారు, నేనూ నమ్మాను. వెలుతురు బాగుంటుందని డాక్టర్లూ పంటి డాక్టర్లూ గదులు తీసుకున్నారు. పక్క కిటికీ తెరిచినప్పుడల్లా పంటినొప్పి మూలుగులు నా దాకా వచ్చేవి.

తరవాత మాంద్యం వచ్చింది. గదులు ఖాళీ అయ్యాయి, ఆలనాపాలనా తగ్గింది. 1940ల చివర పైనున్న చూరును పీకేశారు, తలపాగా ఊడిన పెద్దమనిషిలా నిలబడ్డాం. కానీ అసలు దెబ్బ కంటికి కనపడనిది. అతుకుల్లో సున్నం రాలి నీళ్లు వెనక్కి దిగాయి. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బేది. ఉక్కు తుప్పు పట్టింది. తుప్పుకు ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి, అందుకని వెనకనుంచి మమ్మల్ని నెట్టింది. నా పక్కనున్నది నిలువునా చీలింది. నాకూ ఒక మూల వెంట్రుకంత పగులు వచ్చింది. బరువు మొయ్యనివాళ్లం, మాకప్పగించిన ఒక్క పనీ చెయ్యలేకపోయాం.

1976లో దేశం మమ్మల్ని జాతీయ చారిత్రక చిహ్నమంది. గౌరవం దక్కింది గాని పగుళ్లు పూడలేదు. 1990ల్లో నగరం భవనాన్ని కొన్నాకే మనుషులు మా దగ్గరికి ఎక్కి వచ్చారు. సంతలో కుండ కొనేముందు వేలితో కొట్టి వింటారే, అలా ఒక్కొక్కరినీ తట్టి విన్నారు. ఖంగుమన్నవాళ్లు ఉన్నారు, మొద్దుగా పలికినవాళ్లను దించేశారు. నా వంతు వచ్చినప్పుడు నేను పలికిన పలుకు నాకే కొత్తగా వినిపించింది. పగులు పూడ్చి, అతుకు నింపి నన్ను ఉంచారు. పక్కచోట్లోకి కొత్తది వచ్చింది. చూరూ తిరిగి వచ్చింది.

1999లో ఇది 122 గదుల హోటలయింది, బర్న్‌హామ్ పేరుతో. ఆ పేరు తరవాత మారింది. నాకు నచ్చిందేమిటంటే, నడవాల్లోని మొజాయిక్ నేలనూ, మసకద్దాల ఆఫీసు తలుపులనూ తీసెయ్యలేదు. డాక్టరు కోసం జనం తట్టిన తలుపుల వెనక ఇప్పుడు బాటసారులు నిద్రపోతున్నారు.

రాత్రి సరస్సు వైపునుంచి వాన కొట్టింది. అద్దం వెనక ఎవరో దీపమార్పి, చాలాసేపు నిలబడి చూశారు. నీళ్లు నా ముఖం మీంచి జారి కింది అంతస్తు పెంకు మీదికి, అక్కణ్నుంచి ఇంకా కిందికి పోయాయి. నా వెనక ఉక్కు పొడిగా ఉంది.